పానా పట్టిన బీటెక్

బీటెక్ మెకానికల్ నాలుగేళ్లు చదివాను. డీజిల్ సైకిల్ గ్రాఫు కళ్లు మూసుకుని గీసేస్తాను. కానీ సాలూరు పక్కన మా ఊళ్లో, చింతచెట్టు కింద తొమ్మిదేళ్లుగా కదలని చిన్నాన్న జీపు ముందు నిలబడితే ఏ నట్టుకి ఏ నంబరు పానా పడుతుందో కూడా తెలియలేదు. పక్కనే ఉన్న చిన్నాన్న ఏమీ అనలేదు. అనకపోవడమే ఎక్కువ గుచ్చుకుంది.

అది మహీంద్రా ఎంఎం 540. ఒకప్పుడు జీడితోటకి ఎరువులు, తోట నుంచి గింజల బస్తాలు అన్నీ దాని మీదే. రోడ్డు బాగుపడి, ట్రక్కు ఆటోలు వచ్చాక జీపు పక్కకు పోయింది. ఆర్‌సీ గడువు ఇంకో అయిదు నెలలే ఉంది. పాత ఇనుము వ్యాపారి అప్పటికే రెండుసార్లు వచ్చి చూసి వెళ్లాడు. ‘గడువులోపు నడిస్తే ఉంచుదాం, లేదంటే తూకానికి ఇచ్చేద్దాం’ అని ఇంట్లో తేల్చేశారు. నేను ఇంటి నుంచే ఉద్యోగం చేస్తున్న రోజులవి. శని, ఆదివారాలు నావే. సరే, నేను చూస్తానన్నాను.

మహీంద్రా వాళ్లు విల్లీస్ జీపుల్ని మన దేశంలో బిగించడం మొదలుపెట్టింది 1947లో. ఎంఎం 540 ఆ వంశంలోదే. మా బండిలో ఉన్నది ప్యుజో డిజైన్ డీజిల్ ఇంజిన్, పేరు ఎక్స్‌డీపీ 4.90. పేరులోనే లెక్క ఉంది: నాలుగు సిలిండర్లు, బోరు 90 మిల్లీమీటర్లు. స్ట్రోకు 83. కాలేజీలో బట్టీ పట్టిన సూత్రంలో వేసి చూడండి, 2112 సీసీ వస్తుంది. కంప్యూటరు లేదు, సెన్సర్లు లేవు. ఏది చెడినా కంటికి కనబడుతుంది, లేదా చెవికి వినబడుతుంది. నేర్చుకునేవాడికి ఇంతకన్నా మంచి ల్యాబ్ దొరకదు.

ఏళ్ల తరబడి నిలిచిపోయిన బండికి బ్యాటరీ తగిలించి తాళం తిప్పేయకూడదు. ముందు పాత ఆయిల్ దించి కొత్తది పోశాను. క్రాంక్ పుల్లీ నట్టుకి పెద్ద పానా వేసి, చేత్తో నెమ్మదిగా రెండు చుట్లు తిప్పాను. తిరిగింది. అంటే లోపల పట్టేయలేదు. ట్యాంకు విప్పితే అడుగున నల్లటి జిగురు. దాన్ని కడిగి, ఫిల్టరు మార్చి, కొత్త బ్యాటరీ పెట్టి స్టార్టర్ కొడితే తిరుగుతోంది కానీ అంటుకోవడం లేదు.

ఇక్కడ నాలాంటి వాళ్లు చేసే తప్పు ఏంటంటే, నేరుగా పెద్ద రోగం ఊహించుకోవడం. పంపు పోయిందేమో, కంప్రెషన్ లేదేమో అని రెండు రాత్రులు వీడియోలు చూశాను. చివరికి తేలింది రెండు చిన్న సంగతులు. ఒకటి, ఛాసిస్‌కి బిగించే ఎర్త్ వైరు తుప్పు పట్టి స్టార్టర్‌కి సరిపడా కరెంటు వెళ్లడం లేదు. రెండోది, ఫిల్టరు మార్చినప్పుడు డీజిల్ లైన్లోకి గాలి చేరింది. ఫిల్టరు మీది బ్లీడ్ స్క్రూ కొంచెం వదులు చేసి, చేతి పంపు కొడుతూ ఉంటే నురగలా బుడగలు వస్తాయి. బుడగలు ఆగి, డీజిల్ ధారగా వచ్చాక బిగించాలి. ఇంతే పని. ఒక్క జాగ్రత్త: ఇంజిన్ తిరుగుతున్నప్పుడు ఇంజెక్టర్ పైపుల దగ్గర లీకు ఉందేమోనని చెయ్యి పెట్టకండి. ఆ ఒత్తిడికి డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. అలా జరిగితే అది ఆసుపత్రి కేసే.

హీటర్ ప్లగ్గులు కాసేపు వేడెక్కనిచ్చి తాళం తిప్పాను. దగ్గింది, తెల్లటి పొగ కక్కింది, అందుకుంది. చిన్నాన్న మొహం చూడాలి ఆ రోజు! నేనైతే వీడియో తీసి బ్లాగులో పెట్టేశాను. ఇంజినీరుననే నమ్మకం మొదటిసారి కలిగింది.

ఆ నమ్మకమే కొంప ముంచబోయింది.

వారం తర్వాత చిన్నాన్నని పక్కన కూర్చోబెట్టుకుని పి.కోనవలస ఘాట్ ఎక్కాను. ఎక్కేటప్పుడు దర్జాగా ఎక్కింది. దిగేటప్పుడు మూడో మలుపు దాటాక బ్రేకు పెడలు మెత్తబడింది. మళ్లీ నొక్కితే నేల దాకా పోయింది. ఎదురుగా ఒడిశా వైపు వెళ్లే లారీ. నా బుర్ర పనిచేయడం మానేసింది. ‘గేరు దించరా!’ అని చిన్నాన్న అరిచాడు. రెండో గేరు వేసి, హ్యాండ్‌బ్రేకు లాగి, కొండవైపు కాలవ అంచుకి చక్రాలు దించితే ఆగింది. ఇద్దరం కాసేపు మాట్లాడుకోలేదు.

సాలూరు అంటే లారీల ఊరు కదా. ఆ షెడ్లలో తలపండిన మేస్త్రి ఒకాయన దగ్గరికి జీపుని తాడు కట్టించి తెచ్చాం. ఆయన ఇంజిన్ వైపు చూడనే లేదు.

‘ఇంజినుదేటి బాబూ, అదెప్పుడైనా లేస్తాది. ముందు ఆగుతాదో లేదో సూసేవా?’

చూడలేదు. బ్రేక్ ఆయిల్ గాల్లోని తేమని పీల్చుకుంటుందని నాకు తెలుసు, పరీక్షలో రాశాను కూడా. డాట్ 3 రకం కొత్తదైతే 205 డిగ్రీల దాకా మరగదు. నీరు చేరిన కొద్దీ ఆ హద్దు పడిపోతుంది, ప్రమాణం ప్రకారం 140 డిగ్రీలకి. ఘాట్‌లో డ్రమ్ములు కాలితే లోపల ఆయిల్ మరిగి ఆవిరవుతుంది. ఆవిరి నొక్కుకుపోతుంది కాబట్టి పెడలు కిందికి పోతుంది కానీ లైనర్లు కదలవు. తొమ్మిదేళ్ల పాత ఆయిల్‌తో నేను కొండ దిగాను. పైగా వెనక ఎడమ చక్రం వీల్ సిలిండర్ కారుతోంది కూడా.

ఆయన పని చేసి ఇవ్వలేదు. నాలుగు ఆదివారాలు నా చేతే చేయించాడు. మొదటి పాఠం జాకీ. జాకీ ఎత్తడానికే, మోయడానికి కాదు. స్టాండో, గట్టి చెక్క దిమ్మో పెట్టకుండా కింద దూరితే షెడ్డులోంచి పొమ్మనేవాడు. ఇటుకలు అసలే వద్దు, బరువు పడితే పగిలిపోతాయి. నట్టు రాకపోతే బలం పెంచే ముందు చూడమన్నది ఇంకోటి: పాత విల్లీస్ జీపుల్లో ఎడమవైపు చక్రాల నట్లకి మర ఉల్టాగా ఉంటుంది. తెలియక పైపు తగిలించి తిప్పితే స్టడ్డు విరుగుతుంది. డ్రమ్ములో దుమ్ముని నోటితో ఊదకూడదు, పాత లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. తడిగుడ్డతో తుడవాలి.

నాలుగు వీల్ సిలిండర్ల రబ్బర్లు, లైనర్లు, రబ్బరు గొట్టాలు మార్చాం. మాస్టర్ సిలిండర్ కొత్తది వేశాం. ఆ తర్వాత లైన్లో గాలి తీయాలి. నేను దింపుకున్న అమెరికన్ మాన్యువల్‌లో కుడి వెనక చక్రంతో మొదలుపెట్టమని ఉంది. మేస్త్రి ఎడమ వెనక చక్రం దగ్గర కూర్చున్నాడు. ఎందుకో నాకు అర్థం కావడానికి నిమిషం పట్టింది. గాలి తీయడం మాస్టర్ సిలిండర్‌కి దూరంగా ఉన్న చక్రం నుంచి మొదలవుతుంది. అక్కడ డ్రైవరు ఎడమన, మన దగ్గర కుడిన. మాన్యువల్ తప్పు కాదు, దాన్ని నేను చదివిన తీరు తప్పు.

మిగతావి మెల్లగా అబ్బాయి. ప్రొపెల్లర్ షాఫ్టు జాయింట్లకీ, స్టీరింగ్ నిపుల్స్‌కీ గ్రీజు కొట్టడం. గెడ్డ దాటించాక డిఫరెన్షియల్ ఆయిల్ చూడటం, పాలు కలిపిన టీ రంగులో ఉంటే నీళ్లు దిగినట్టే. వానాకాలం అయ్యాక ఛాసిస్ కింద బురద కడగడం, శ్రీకాకుళం తీరం వైపు ఉన్నవాళ్లకైతే ఉప్పుగాలి వల్ల ఇది ఇంకా ముఖ్యం. ఫోర్ వీల్ డ్రైవ్ బురదకీ ఇసుకకీ మాత్రమే. పొడి తారురోడ్డు మీద వేస్తే మలుపుల్లో ముందు చక్రాలు, వెనక చక్రాలు వేరువేరు దూరం తిరగాలి, మధ్యలో డిఫరెన్షియల్ లేదు కాబట్టి గేర్లు బిగుసుకుంటాయి. షో కోసం వేసే కుర్రాళ్లని చూస్తే నాకు ఇప్పుడు జాలేస్తుంది.

అన్నీ మనమే చేయాలనుకోవడం కూడా తప్పే. ఇంజెక్టర్ పంపు సెట్టింగుకి బెంచ్ కావాలి. ఛాసిస్ వెల్డింగుకి చేయి తిరిగిన మనిషి కావాలి. ఆ రెండూ డబ్బిచ్చి చేయించుకున్నాను. వేరే ఇంజిన్ వేద్దాం, బాడీ కోసేసి స్టైల్ చేద్దాం అని స్నేహితులు ఊరించారు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలకి విరుద్ధంగా బండిని మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. సొంత బండికి మొదటి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు, తర్వాత అయిదేళ్లకోసారి తనిఖీ చేయించి పొడిగించుకోవాలి. కారు, జీపు లాంటి వాటికి ఈ ఫీజు 2022 ఏప్రిల్‌లో 600 నుంచి 5,000 రూపాయలైంది. 20 ఏళ్లు దాటిన వాటికి 2025 ఆగస్టులో 10,000 చేశారు. పాత బండి మీద మోజున్నవాళ్లు ముందు ఈ లెక్క వేసుకోండి.

కాలేజీ తమ్ముళ్లు, చెల్లెళ్లు అడుగుతుంటారు, ఇది రెజ్యూమెలో పెట్టొచ్చా అని. పెట్టొచ్చు. నేను ఒక ఇంటర్వ్యూలో ఇంజిన్ లేపిన కథ చెబితే తల ఊపారు, ఘాట్‌లో పెడలు పోయిన కథ చెబితే ముందుకు వంగి విన్నారు. ఏం తప్పు చేశావు, ఎలా కనిపెట్టావు అని ఇరవై నిమిషాలు అదే. చేతిపనే వృత్తిగా కావాలంటే పదో తరగతి తర్వాత ఐటీఐలో డీజిల్ మెకానిక్ ఏడాది, మోటార్ వెహికల్ మెకానిక్ రెండేళ్లు. బీటెక్ చదివేవాళ్లు కూడా సెలవుల్లో ఏదో ఒక షెడ్డులో నెల రోజులు కూర్చోండి. మొదటి వారం టీలు తేవాల్సి వస్తుంది, సిగ్గుపడకండి.

గడువుకి పదకొండు రోజుల ముందు జీపు తనిఖీకి వెళ్లింది. బ్రేకు పరీక్ష అప్పుడు నేను కళ్లు మూసుకున్నాను. నాలుగు చక్రాలూ ఒకేసారి పట్టాయి. ఇప్పుడు చిన్నాన్న వారానికోసారి తోటకి తీసుకెళ్తున్నాడు. తాళం పెట్టే ముందు మూడుసార్లు పెడలు నొక్కి చూస్తాడు. నన్ను చూసి నవ్వుతూనే.