కోడిపిల్లల ప్రేవులలోని మేలు క్రిములు

యంత్రముతో పొదిగించిన కోడిపిల్లలను కొని తెచ్చినవారు, మొదటి వారములోనే కొన్ని పారుడు పట్టి చచ్చుచున్నవని మొఱపెట్టుకొనుచుందురు. ఆ యింటి పెట్టక్రింద పుట్టిన పిల్లలు మాత్రము పెంటకుప్పను గీరుకొనుచు కులాసాగా తిరుగుచుండును. జాతిభేద మొక కారణము కావచ్చును గాని అది యొక్కటియే కాదు.

అప్పుడే గ్రుడ్డు వెడలిన పిల్ల ప్రేవులలో సూక్ష్మక్రిములు మిక్కిలి తక్కువ. తల్లి రెట్టనుండియు, అది గీరిన మంటినుండియు మేలుచేయు క్రిములు ముందుగా కడుపున చేరి చోటు నాక్రమించును. పైరు క్రమ్ముకొన్న మడిలో కలుపునకు తావు లేనట్లే, పిదప వచ్చు చెడ్డక్రిమికి అచ్చట స్థలముండదు. ఇరువదియొక్క దినములు యంత్రములో నుండిన పిల్ల తల్లిని చూడదు. దాని కడుపు బీడు చేను వంటిది.

1971లో ఫిన్లాండు దేశపు కోళ్లలో సాల్మొనెల్లా యను క్రిమి ప్రబలెను. అంతట నూర్మి, రంటాలా యను శాస్త్రజ్ఞులు ఆరోగ్యముగల పెద్దకోళ్ల ప్రేవులలోని పదార్థమును పసిపిల్లలకు త్రాగించి, పిదప ఆ క్రిమిని ఎక్కించి చూచిరి. ఆ పిల్లలలో చాలవఱకు వ్యాధిక్రిమి నిలువలేదు. ఈ సంగతి 1973లో 'నేచర్' పత్రికయందు ప్రకటింపబడెను. ఇది చదివి ఎవరును పెద్దకోడి రెట్టను పిల్లలకు పెట్టరాదు. దానితో రక్తపారుడు మొదలగు తెగుళ్లును వచ్చును.

ఇందులకై యిప్పుడు ప్రోబయాటిక్ పొడులు అమ్ముచున్నారు. లాక్టోబాసిల్లస్ జాతి క్రిములు వేడికిని క్లోరినుకును చచ్చును. బాసిల్లస్ జాతివి బీజరూపమున నుండుటచే దాణా తయారగు వేడికి ఓర్చుకొనును. ఈ భేదము తెలియక పొడి కొనుట వ్యర్థము. ఒకప్పుడు ప్రదర్శనకై నేనే లాక్టోబాసిల్లస్ పొడిని తొట్టినీటిలో కలిపితిని. ఆ యుదయమే నీటిలో బ్లీచింగు పొడి వేసియుండిరేమో యని విచారింపనైతిని. పారుడు మానలేదు. ఆ యింటి యిల్లాలు "అయ్యగారూ, పిల్లలూ పోయె, పొడి డబ్బులూ పోయె" ననెను. నాకు బదులు తోచలేదు. క్లోరిను లేని బావినీటిలో, పిల్లలు రెండు మూడు గంటలలో త్రాగునంతలోనే కలుపవలయును.

మజ్జిగ చాలదా యని పలువురు అడుగుదురు. తాజా మజ్జిగ కొంత మేలే; కాని పెరుగు క్రిములన్నియు కోడి ప్రేవులలో నిలువవు. పోయుదురేని మట్టిమూకుడులోనే పోయుడు. జింకుపూత రేకు పాత్రలో పులుపునకు జింకు కరగి విషమగును.

యాంటీబయాటిక్ మందును దినదినము దాణాలో కలుపు అలవాటు మానవలయును. అట్లు వాడినచో క్రిములు మందునకు లొంగకుండ పోవును. ఆ మందు రేపు మన బిడ్డలకును పనిచేయదు. ఐరోపా సమాఖ్య పెరుగుదలకై యిచ్చు నట్టి మందులను 2006 జనవరి 1 నుండి నిషేధించెను. మన ప్రభుత్వము 2019లో కొలిస్టిన్‌ను పశువులకును కోళ్లకును వాడరాదనెను. వైద్యుడు మందిచ్చిన దినములలో ప్రోబయాటిక్ వేయక, అది ముగిసిన పిదప వేయుడు.

ఈ పొడి కొక్కెర తెగులును ఆపదు, టీకా వేయింపవలసినదే. మొదటి వారమున 95 డిగ్రీల ఫారన్‌హీట్ వెచ్చదనమును, పొడిగానున్న పరుపును లేనిచోట ఏ క్రిమియు పిల్లను కాపాడజాలదు. శుభ్రముగా పెంచిన మందలో బరువున కనబడు భేదము స్వల్పమే కావచ్చును గనుక వర్తకుల మాటలను సగమే నమ్ముడు. సంఘముద్వారా తెప్పించునప్పుడు క్రిమి పేరును, గడువు తేదీని చూచి చిన్న పొట్లములే తెప్పించుడు. విప్పిన పొట్లము తేమ తగిలి చెడును.