అప్పిచ్చినవాడు గుమ్మం బయటే నిలబడాలి

2021 వేసవిలో ఒక శనివారం రాత్రి, మరునాటి ఆరాధనకు వాక్యం సిద్ధపరచుకుంటూ ఉండగా నా ఫోన్ మోగింది. తెలియని నంబరు. సగం హిందీ, సగం తెలుగు కలిపి ఒక యువకుడు గద్దించినట్టు మాట్లాడాడు. మా సంఘంలోని ఒక సహోదరుని పేరు చెప్పి, "అతని అప్పుకు జామీను మీరే. రేపు పది గంటల లోపల కట్టించండి. లేకపోతే మీ చర్చివాళ్లందరికీ అతని ఫోటోలు వస్తాయి" అన్నాడు. నేను ఎవరికీ జామీను ఉండలేదు. ఏ కాగితం మీదా సంతకం పెట్టలేదు.

మరునాడు ఆ సహోదరుడు ఆరాధనకు రాలేదు. అతని భార్య ఒక్కతే వచ్చి అందరికంటే వెనుక కూర్చుంది. ఆరాధన ముగిసిన తరువాత నేను, సంఘ పెద్ద ఒకరు కలిసి వాళ్లింటికి వెళ్లాం. పట్టపగలు తలుపు గడియ వేసి ఉంది. "తమ్ముడూ, నేనే" అని పిలిస్తే కొంతసేపటికి తీశాడు. నన్ను చూడగానే, "అయ్యగారూ, మీ దాకా కూడా వచ్చిందా?" అని తల దించుకున్నాడు.

అతను ఆటో నడుపుకుని బ్రతికేవాడు. కరోనా రోజుల్లో ఆటో ఇంటి ముందే నిలిచిపోయింది. బిడ్డకు జ్వరం వచ్చింది. 5,000 రూపాయలు కావలసి వచ్చాయి. ఎవరిని అడుగుదామన్నా ముఖం చెల్లలేదు. అంతలో ఫోన్‌లో ఒక ప్రకటన కనిపించింది. అయిదు నిమిషాల్లో అప్పు, పూచీకత్తు అక్కరలేదు, ఎవరికీ తెలియదు అని. ఆ యాప్ దించుకుని ఆధార్ కార్డు, పాన్ కార్డు, తన ముఖం ఫోటో తీసి పంపాడు. మధ్యలో "అనుమతించండి" అని వచ్చిన ప్రతిసారీ నొక్కుతూ పోయాడు. 5,000 అప్పుకు చేతికి వచ్చింది 3,500 రూపాయలే. మిగిలిన 1,500 ఖర్చుల కింద ముందే కోసుకున్నారు. ఏడు రోజుల్లో పూర్తి 5,000 కట్టాలి. ఆరో రోజునుంచే ఫోన్లు మొదలయ్యాయి.

"అయ్యగారూ, మీ నంబరు నేను వాళ్లకు ఇవ్వలేదు" అన్నాడు. అది నిజమే. అతను ఇవ్వలేదు, అతని ఫోన్ ఇచ్చింది.

నూటికి ఎంత వడ్డీ?

మన పల్లెల్లో వడ్డీ లెక్క అందరికీ తెలుసు. నూటికి నెలకు రెండు రూపాయలంటే సర్దుకుంటాం. అయిదు రూపాయలంటే అమ్మో అంటాం. ఈ యాప్ లెక్క చూడండి. 3,500 చేతికిచ్చి వారానికి 1,500 అదనంగా తీసుకున్నారంటే, నూటికి దాదాపు 43 రూపాయలు, అదీ వారానికి! నాలుగు వారాలకు లెక్కిస్తే నూటికి 170 రూపాయలు దాటుతుంది. మన ఊళ్లో ఎంత కఠినమైన వడ్డీ వ్యాపారి అయినా ఇంత అడగడానికి వెనుకాడతాడు.

అయితే ఇంత అప్పు పూచీ లేకుండా ఎందుకిచ్చారు? పూచీ ఉంది. పొలం కాగితాలు కాదు, బంగారం కాదు. ఫోన్‌లో అతను దాచుకున్న పేర్లు, నంబర్లు, ఫోటోలు, వాటన్నిటికీ మించి అతని పరువు. అప్పు తీరకపోతే అవమానపరచడానికి కావలసిన సరుకంతా వాళ్లు మొదటి రోజే మోసుకుపోయారు. అందులో నా నంబరూ ఉంది, అతని అత్తగారి నంబరూ ఉంది, బిడ్డ చదివే బడి మాస్టారి నంబరూ ఉంది. మేమెవరం అప్పు తీసుకోలేదు. అయినా మమ్మల్నందరినీ తాకట్టు పెట్టించుకున్నారు.

ధర్మశాస్త్రంలో ఒక గుమ్మం

ఈ సంగతి ఆలోచిస్తున్నప్పుడు ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయం నా మనస్సుకు వచ్చింది. 10, 11 వచనాలు ఎన్నోసార్లు చదివాను గాని అంతవరకు ఎన్నడూ వాటి దగ్గర ఆగలేదు. అప్పిచ్చినవాడు కుదువ వస్తువు కోసం పొరుగువాని ఇంట్లోకి చొరబడకూడదట. వెలుపలే నిలబడాలి. ఏది ఇవ్వాలో అప్పు తీసుకున్నవాడే తెచ్చి అందించాలి. అదే అధ్యాయం 6వ వచనంలో, బ్రతుకు తెరువైన తిరుగటి రాతిని తాకట్టుగా తీసుకోకూడదన్న మాట కూడా ఉంది.

ఎంత లోతైన న్యాయం! అప్పు అప్పే, తీర్చవలసిందే. కాని అప్పు చేసినంత మాత్రాన మనిషి తన గుమ్మం పోగొట్టుకోడు. అతని ఇంట్లో ఏ మూల ఏమున్నదో చూసే అధికారం అప్పిచ్చినవానికి లేదు. ఈ రోజుల్లో ఇంటి గుమ్మం ఇంటికే లేదు, మన చొక్కా జేబులో కూడా ఉంది.

మన రాష్ట్రానికి ఈ బాధ కొత్త కాదు. సూక్ష్మ రుణ సంస్థల వసూళ్లకు తాళలేక పేద కుటుంబాలు అల్లాడినప్పుడు, 2010 అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఒక ఆర్డినెన్సు తెచ్చింది. వాయిదాలు ఇంటి దగ్గర కాదు, గ్రామ పంచాయతీ కార్యాలయం వంటి బహిరంగ స్థలంలోనే కట్టించుకోవాలని అందులో ఉంది. తరువాత అది చట్టమైంది. రిజర్వు బ్యాంకు పర్యవేక్షణలో ఉన్న ఫైనాన్సు కంపెనీలకు అది వర్తించదని 2023లో తెలంగాణ హైకోర్టు తీర్పు చెప్పింది. కాని దాని వెనుక ఉన్న ఆలోచన ఈ గుమ్మం ఆలోచనే. పదేళ్లు తిరిగేసరికి వసూలుదారుడు ఊరికి రావలసిన పనే లేకుండా పోయింది.

2020 చివరి నెలల్లో తెలంగాణలో ఇలాంటి యాప్‌ల వేధింపులు భరించలేక కొందరు ప్రాణాలు తీసుకున్నారు. వారిలో చదువుకున్నవాళ్లు, ఉద్యోగం ఉన్నవాళ్లు కూడా ఉన్నారు. ఆ డిసెంబరులో పోలీసులు హైదరాబాదులోను, ఢిల్లీ పక్కనున్న గురుగ్రామ్‌లోను కాల్ సెంటర్ల మీద దాడులు చేశారు. జీతానికి కూర్చుని, కాగితం మీద రాసిచ్చిన బెదిరింపులు చదివే యువతీ యువకులు అక్కడ ఉన్నారు. రిజర్వు బ్యాంకు నియమించిన కమిటీ 2021 జనవరి, ఫిబ్రవరి నెలల్లో పరిశీలిస్తే, మన దేశంలో దొరుకుతున్న సుమారు 1,100 అప్పుల యాప్‌లలో 600 చట్టవిరుద్ధమైనవని తేలింది.

చట్టం ఇప్పుడు మన పక్షాన ఉంది

ఏకాంతం ధనవంతుల సొత్తు అని కొందరనుకుంటారు. అది పొరపాటు. కర్ణాటక హైకోర్టులో న్యాయమూర్తిగా పనిచేసి విశ్రాంతి తీసుకున్న పుట్టస్వామి గారు వేసిన కేసులో, 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా తీర్పు చెప్పారు. మనిషి సొంత సంగతుల గోప్యత రాజ్యాంగం ఇచ్చిన ప్రాథమిక హక్కు అన్నారు. కోటీశ్వరునికైనా, ఆటో నడిపేవానికైనా అది ఒక్కటే.

2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు నియమాలు జారీ చేసింది. అప్పిచ్చే యాప్ మన ఫోన్‌లోని నంబర్ల పట్టిక, ఫోటోలు, కాల్స్ వివరాలు ముట్టుకోకూడదు. మనిషిని గుర్తించడానికి కెమెరా వంటివి కావాలంటే మన అనుమతితో ఒక్కసారే వాడుకోవాలి. డబ్బు నేరుగా మన బ్యాంకు ఖాతాలోనే పడాలి. ఏడాదికి మొత్తం ఎంత వడ్డీ, ఎంత ఖర్చు అన్నది ముందే ఒక కాగితంలో తెలియజేయాలి. అప్పు వద్దనుకుంటే, నిర్ణయించిన గడువులో జరిమానా లేకుండా తిరిగి ఇచ్చేయవచ్చు. 2025 మే నెలలో తెచ్చిన కొత్త ఆదేశాల్లోనూ ఇవి కొనసాగాయి.

2023లో పార్లమెంటు వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం చేసింది. దాని నియమాలు 2025 నవంబరులో వెలువడి, దశలవారీగా అమలులోకి వస్తున్నాయి. సమాచారం ఎందుకు తీసుకుంటున్నారో చెప్పే నోటీసును తెలుగులో కూడా చదువుకునే వీలు కల్పించాలని ఈ చట్టం చెబుతుంది. అర్థంకాని ఇంగ్లీషు కింద వేలు నొక్కించుకునే రోజులు పోవాలని దాని భావం.

మనం చేయవలసినవి

1. యాప్‌లో అప్పు తీసుకునే ముందు, ఇచ్చేది ఏ బ్యాంకు, ఏ ఫైనాన్సు కంపెనీ అని అడగండి. పేరు చెప్పకపోతే అక్కడే ఆగండి. బ్యాంకులు, కంపెనీలు తమవని తెలిపిన యాప్‌ల పట్టిక రిజర్వు బ్యాంకు వెబ్‌సైటులో ఉంది. చదువుకున్న పిల్లలచేత చూపించుకోండి.

2. కాంటాక్టులు, ఫోటోలు చూడటానికి అనుమతి అడిగితే ఇవ్వకండి. అవి మీవి మాత్రమే కావు. వాటిలో మీ పొరుగువారి వివరాలు కూడా ఉన్నాయి.

3. బెదిరింపు వస్తే భయంతో అన్నీ చెరిపేయకండి. సందేశాలు, నంబర్లు, డబ్బు కట్టిన రసీదులు దాచండి. 1930 నంబరుకు ఫోన్ చేయండి, లేదా దగ్గరలోని పోలీసు స్టేషనులో ఫిర్యాదు ఇవ్వండి.

4. అనుమతి ఉన్న బ్యాంకు, కంపెనీ మీద ఫిర్యాదు ఉంటే ముందు వాళ్లకే రాసి ఇవ్వండి. 30 రోజుల్లో పరిష్కారం కాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. వివరాలకు 14448 నంబరు ఉంది. ఇతర వస్తువులు, సేవల విషయంలో వినియోగదారుల సహాయవాణి 1915.

5. ఒక అప్పు తీర్చడానికి మరొక యాప్‌లో అప్పు చేయకండి. ఇంట్లో చెప్పండి. భార్యకు, భర్తకు, తల్లిదండ్రులకు తెలియని అప్పే మనిషిని ఎక్కువగా నలిపేది.

మన సంఘం చేయవలసినది

ఆ సహోదరుని వెంటబెట్టుకుని మండల కేంద్రంలోని పోలీసు స్టేషనుకు వెళ్లాం. ఫిర్యాదు తీసుకున్నారు. పది, పన్నెండు రోజులకు ఫోన్లు ఆగిపోయాయి. ఆ బెదిరింపులకు భయపడి అప్పటికే కట్టిన అదనపు డబ్బు మాత్రం తిరిగి రాలేదు.

కాని నన్ను బాధపెట్టిన సంగతి మరొకటి ఉంది. ఆ దుష్టులు మార్చి పంపిన ఫోటో మా సంఘంలో కొందరి ఫోన్లకు వచ్చింది. కొందరు చూసి చెరిపేశారు. కొందరు, "ఇది నిజమేనా?" అంటూ మరొకరికి పంపారు. వసూలుదారుని పని సగం మనమే చేసిపెట్టామన్నమాట. మనిషి పరువు తాకట్టుగా పనికివచ్చేది, ఆ పరువు తీయడానికి మనం సిద్ధంగా ఉన్నప్పుడే. అలాంటి ఫోటో మీకు వస్తే ఎవరికీ పంపకండి. ఆ మనిషి ఇంటికి వెళ్లి, "మేమున్నాం" అని చెప్పండి.

ఇంకొక ప్రశ్న నన్ను నేనే అడుగుకున్నాను. ముక్కూ మొహం తెలియనివాణ్ణి 5,000 అడగగలిగినవాడు నన్నెందుకు అడగలేకపోయాడు? మా సంఘంలో అవసరం చెప్పుకుంటే చులకన అవుతామన్న భయం అతనికి ఉంది. ఆ భయం ఊరికే పుట్టలేదు. పెద్దలతో మాట్లాడి, గుప్పెడు బియ్యం కానుకలో కొంత భాగాన్ని చేబదులు నిధిగా వేరుచేశాం. వడ్డీ లేదు. ఎవరు తీసుకున్నదీ సంఘంలో చదవము. ఇద్దరు పెద్దలకు, నాకు తప్ప తెలియదు.

నిధి చిన్నదే. అందరి అవసరాలూ తీర్చలేదు. ఆ సహోదరుడు మాత్రం ఇప్పుడు ఆరాధనకు వస్తున్నాడు, ముందు వరుసలోనే కూర్చుంటున్నాడు. ప్రియమైన పాఠకులారా, మీ సంఘంలో కూడా ఈ వారం గడియ వేసిన తలుపు ఏదైనా ఉందేమో చూడండి. వెళ్లి పిలవండి. లోపలికి చొరబడవద్దు. వారు తలుపు తీసేదాకా బయటే నిలబడండి.