కుర్రవాడికి మొదటి రైఫిల్

మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక జింకవేట నేరం. అమెరికాలో అలా కాదు. లైసెన్సు తీసుకుని, సీజనులో, పెద్దల వెంట కుర్రవాళ్ళూ వెళ్తారు. మరి వాళ్ళకు మొదటి రైఫిల్ ఏది?

తాతగారి థర్టీ-ఆట్-సిక్స్ ఉందిగా అంటారు కొందరు. 1906 నాటి ఆ సైనిక తూటా జింకకు చాలినదే గాని, పేలినప్పుడు అది భుజాన్ని తన్నే తన్ను ఉంది చూశారూ, దానికి పెద్దవాళ్ళే జంకుతారు. రెండుసార్లు తిన్న కుర్రవాడు మూడోసారి ట్రిగ్గర్ నొక్కకముందే కళ్ళు మూసేస్తాడు. గురి తప్పిన గుండు జింకను చంపదు, గాయంతో అడవిలోకి తరుముతుంది. పాపం, అది ఎంతసేపు గిలగిల్లాడాలో!

అందుకే చాలామంది 1955లో వచ్చిన .243 వించెస్టర్ వైపు మొగ్గుతారు. .308 తూటా మూతిని సన్నం చేసి తీసినది. గుండు తేలిక, తన్నూ తక్కువ. తుపాకి మాత్రం మరీ తేలికది వద్దు, బరువు తగ్గేకొద్దీ తన్ను పెరుగుతుంది. ట్రిగ్గర్ నుంచి భుజందాకా పెద్దల రైఫిల్ సుమారు 13½ అంగుళాలు. అంగుళం తగ్గించినవి పిల్లలకు దొరుకుతాయి.

ముందుగా .22తో కాగితం మీద గురి చూడ్డం నేర్పాలి. దాంతో జింకను కొట్టడానికి మాత్రం చాలా రాష్ట్రాల చట్టం ఒప్పదు.