టెండరు పెట్టెకు స్వస్తి

పూర్వము చెరువుకట్టకుగాని రహదారికిగాని ప్రభుత్వము టెండరు పిలిచినపుడు, గుత్తేదారు స్వయముగా డివిజను కార్యాలయమునకు పోయి షెడ్యూలు కొని, ధర వ్రాసి, లక్కముద్ర వేసిన కవరును అచటి పెట్టెలో వేయవలసియుండెను. షెడ్యూలు కొన్నవారెవరో తక్కినవారికి వెంటనే తెలిసిపోయెడిది; వారందఱు కూడబలుకుకొని, కొన్నిచోట్ల క్రొత్తవానిని గడపయొద్దనే అడ్డగించి, పనులను తమలో తాము పంచుకొనుచుండిరి. జనులు దీనినే రింగు అనిరి. నష్టము ఖజానాది, అనగా పన్ను కట్టిన ప్రతివానిది.

2000 నాటి సమాచార సాంకేతిక చట్టము డిజిటల్ సంతకమునకు చెల్లుబాటు ప్రసాదింపగా, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2003 జనవరిలో ఈ-ప్రొక్యూర్‌మెంటు విధానమును ప్రారంభించెను. దేశమున జరిగిన ఇట్టి తొలి ప్రయత్నములలో ఇది యొకటి. షెడ్యూలును ఇంటినుండియే దించుకొనవచ్చును; దాఖలైన ధరలు గూఢలిపిలో నుండి, నిర్ణీత సమయమున తెఱచిన పిదపనే పాల్గొన్నవారికి కనబడును. కాలము, కాగితము మిగులుట నిజమే. కాని నా దృష్టిలో దీని ఘనత వేగమునందు గాక, పోటీకి వచ్చువారెవరో ముందుగా తెలియకుండుటయందున్నది. ఎవరితో కుమ్మక్కు కావలెనో తెలియనివానికి కుమ్మక్కగుట దుర్లభము గదా! పనులకే గాక, కార్యాలయములకు వలయు సామాన్య వస్తువుల కొనుగోలుకై కూడ కేంద్రప్రభుత్వము 2016లో జెమ్ అను ఆన్‌లైను విపణిని నెలకొల్పినది.

అయినను టెండరు త్వరగా ముగిసి, బిల్లు మాత్రము ఖజానాయొద్ద నిలిచిపోయినచో, అప్పు తెచ్చి పని చేసిన చిన్న గుత్తేదారు వడ్డీభారమున నలిగిపోవును. జరిగిన పనిని కొలిచి వ్రాయు ఎం-బుక్కులోని కొలతలు, బిల్లు, ఖజానా చెల్లింపు ఒక్క వరుసలో అనుసంధింపబడి, తన బిల్లు ఏ అధికారియొద్ద ఎన్నినాళ్లుగా ఉన్నదో అతడు తన ఊరనుండియే చూచుకొనగలుగవలెను.