ఉదయం టిఫిన్ మానవద్దు

ఆరోగ్యమే మహాభాగ్యమని పెద్దలంటారు. ఆ భాగ్యానికి మొదటి మెట్టు ఉదయం తినే టిఫిన్. కానీ మన హాస్టల్లో రోజూ కొంతమందిమి ఖాళీ కడుపుతోనే స్కూలుకి పరిగెడుతున్నాం. బాత్‌రూమ్ దగ్గర లైను, జడలు వేసుకోవడం, మిగిలిపోయిన హోంవర్కు, "మళ్లీ ఉప్మానా?" అన్న విసుగు – కారణం ఏదైనా నష్టం మనకే.

రాత్రి ఏడున్నరకు అన్నం తింటాం. ఉదయం టిఫిన్ మానేస్తే మళ్లీ తినేది మధ్యాహ్నం పన్నెండున్నరకు. అంటే 17 గంటల ఉపవాసం!

మనం నిద్రపోతున్నా మెదడు, గుండె పనిచేస్తూనే ఉంటాయి. వాటికి కావలసిన గ్లూకోజును కాలేయం తనలో దాచుకున్న గ్లైకోజెన్ నుంచి అందిస్తుంది. తెల్లవారేసరికి ఆ నిల్వ చాలావరకు తగ్గిపోతుంది. మెదడు బరువు శరీరంలో 2 శాతమే అయినా, విశ్రాంతిగా ఉన్నప్పుడు మన శరీరం ఖర్చు చేసే శక్తిలో సుమారు 20 శాతం దానికే కావాలి. అందుకే తినకుండా వెళితే చాలామందికి తలనొప్పి, నీరసం, చిరాకు. లెక్కల క్లాసులో కళ్లు బోర్డు మీద, మనసు భోజనం బెల్లు మీద ఉంటాయి.

ఆడపిల్లలమైన మనకు ఇంకో ముఖ్యమైన సంగతి ఉంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15–19 ఏళ్ల ఆడపిల్లల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉంది. టిఫిన్ ఒక్కటే దాన్ని నయం చేయదు. కానీ రోజూ ఒక పూట మానేస్తే ఆ పూట అందవలసిన ఇనుము, మాంసకృత్తులు మిగతా రెండు పూటల్లో పూడటం కష్టం. ప్రేయర్‌లో తరచూ కళ్లు తిరిగేవాళ్లు సిగ్గుపడకుండా వార్డెన్ మేడమ్‌కు చెప్పి రక్తపరీక్ష చేయించుకోవాలి.

మన టిఫిన్లలో ఏముంది?

1. కిచిడీ, పొంగలి: బియ్యం, పెసరపప్పు కలిస్తే మంచి మాంసకృత్తులు అందుతాయి.

2. ఉప్మా: వేరుశెనగపప్పు వేస్తే బలం. 100 గ్రాముల వేరుశెనగపప్పులో సుమారు 25 గ్రాముల మాంసకృత్తులుంటాయి. పళ్లెంలో ఏరి పక్కన పెట్టకండి.

3. రాగిజావ: 100 గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. ఎముకలకు మేలు.

4. నిమ్మకాయ పులిహోర: నిమ్మరసంలోని విటమిన్ 'సి' వల్ల ఆహారంలోని ఇనుము బాగా ఒంటబడుతుంది. టిఫిన్ వెంటనే టీ తాగితే ఆ ఇనుము సరిగా అందదు. కనీసం గంట ఆగాలి.

బడికి ఆకలితో వచ్చే పిల్లల కోసం తమిళనాడు ప్రభుత్వం 2022 సెప్టెంబరు 15న ప్రాథమిక పాఠశాలల్లో ఉదయం టిఫిన్ పథకం మొదలుపెట్టింది. మనకు హాస్టల్లో ఆ టిఫిన్ ఎప్పటినుంచో ఉంది. మన వంట అక్కలు చీకటితోనే లేచి వండుతున్నారు.

కాబట్టి చెల్లెళ్లారా! పుస్తకాల సంచి రాత్రే సర్దుకుందాం, పావుగంట ముందు లేద్దాం. రుచి బాగాలేకపోతే మెస్ కమిటీలో అడుగుదాం, అంతేగాని పళ్లెం వదిలి వెళ్లవద్దు. పక్క మంచం చెల్లి తినకుండా వెళుతుంటే చేయిపట్టి లైనులో నిలబెడదాం. ఇక్కడ చదివి వెళ్లి ఉద్యోగాల హడావిడిలో టిఫిన్ మరిచిపోతున్న అక్కలకు కూడా మా మనవి ఇదే.