ఆట పోయింది, బొమ్మ మిగిలింది

జోస్యం పుణ్యమా అని టారో బతికి బట్టకట్టింది. బెంగాల్ దశావతార పేక మాత్రం అద్దాల చట్రంలోకి చేరుతోంది

కోల్‌కతాలో ఖిదిర్‌పూర్ రేవును ఆనుకుని ఉన్న వాట్‌గంజ్‌కు ఆ పేరు ఈస్టిండియా కంపెనీ ఇంజనీరు కల్నల్ హెన్రీ వాట్సన్ వల్ల వచ్చింది. 1780ల్లో ఆయన ఈ తీరంలోనే ఓడల నిర్మాణానికి పూనుకున్నారు. సరిగ్గా ఆ రోజుల్లోనే, 1781లో, పారిస్ పండితుడు కూర్ ద జెబలాన్ ఓ వింత వాదన లేవదీశారు. టారో పేక ప్రాచీన ఈజిప్టు పూజారుల రహస్య గ్రంథమన్నది ఆయన మాట. ఆధారం ఒక్కటీ లేదు. అయినా జనం నమ్మారు. ఈ రెండు సంఘటనలకూ సంబంధం లేదు. కానీ ఓడలు తెచ్చిన చౌక అచ్చు పేక బెంగాల్ సంప్రదాయ పేకను దెబ్బతీస్తే, జెబలాన్ కల్పించిన కథ టారోను నిలబెట్టింది.

నిజానికి టారో పుట్టింది 15వ శతాబ్దంలో, ఉత్తర ఇటలీలో. మొత్తం 78 ముక్కలు, అందులో 22 తురుపులు. మొదట్లో అది వట్టి ఆటే. ఫ్రాన్స్‌లో ఇప్పటికీ ఆడతారు. దాని దశ తిప్పింది మాత్రం 1909లో ఆర్థర్ ఎడ్వర్డ్ వెయిట్ కోసం పమేలా కోల్మన్ స్మిత్ లండన్‌లో గీసిన పేక. అంతకుముందు చాలా పేకల్లో అంకెల ముక్కల మీద గుర్తులే కనిపించేవి. స్మిత్ ప్రతి ముక్కకూ ఓ దృశ్యం గీశారు. దాంతో చిన్న ముక్కకూ చెప్పుకోవడానికో కథ దొరికింది.

కోల్‌కతాకు సుమారు 150 కిలోమీటర్ల దూరంలోని బిష్ణుపూర్‌ది మరో కథ. పాత గుడ్డ పొరలను చింతగింజల జిగురుతో అతికించి, ఎండబెట్టి, గుండ్రంగా కోసి, రంగులద్దితే దశావతార పేక తయారవుతుంది. ముక్కలు 120. ఒక్కో అవతారానికి రాజు, మంత్రి, పది అంకెల ముక్కలు. పరశురాముడికి గొడ్డలి, వామనుడికి కమండలం గుర్తులు. బుద్ధుడి స్థానంలో జగన్నాథుడు ఉంటాడు. ఐదుగురు కూర్చుంటే తలా 24 ముక్కలు. అక్బర్ కొలువులో గంజీఫా చూసొచ్చిన మల్ల రాజు వీర హంబీర్ దీన్ని ప్రవేశపెట్టారని చెప్పుకుంటారు. ఇది అంతకన్నా చాలా పాతదని హరప్రసాద్ శాస్త్రి 1895లో ఏషియాటిక్ సొసైటీ పత్రికలో వాదించారు.

గంజీఫా తెలుగువారికీ కొత్త కాదు. నేడు బొమ్మలకు పేరుపడిన నిర్మల్‌లో ఒకప్పుడు ఈ ముక్కలు చిత్రించేవారు. అక్కడా అచ్చు పేకదే పైచేయి అయింది. ఆఠీను, కళావరు అన్న మాటలు వింటే డచ్చివారి హార్టెన్, క్లావర్ గుర్తుకు రాకమానవు.

బిష్ణుపూర్‌లో ఫౌజ్‌దార్ కుటుంబం ఈ కళను కాపాడుకొస్తోంది. అయితే కొనేవారికి ఎక్కువగా కావలసింది గోడకు తగిలించుకోవడానికి పది అవతారాలే. జోస్యం చెప్పేవారికి 78 ముక్కలూ కావాలి కాబట్టి టారో పేక చెక్కుచెదరలేదు. ఇక్కడ గొడ్డళ్లు, కమండలాలు మాత్రమే ఉన్న వంద అంకెల ముక్కలను అడిగేవారు తక్కువ. కానీ ఆ వందా లేకుండా ఆట సాగదు. ఆడేవారే కరువైతే ఏ ముక్క ఏ ముక్కను కొడుతుందో చెప్పేవారూ మిగలరు. బొమ్మను చట్రంలో దాచుకోవచ్చు, ఆట నియమాలను దాచుకోవడం కుదరదు.