ఒక రేకు – అనేక వర్ణములు

రంగుల బొమ్మను అచ్చు వేయవలెనన్న, పూర్వము ఎన్ని రంగులు కావలెనో సాధారణముగా అన్ని అచ్చులు చెక్కవలసి వచ్చెడిది. ఒకదాని తరువాత నొకటిగా కాగితముపై మోపుచు పోవలెను. వెంట్రుకవాసి తప్పినను బొమ్మ చెడును. ఈ యాతనను తొలగించి, ఒక్క లోహపు రేకుమీదనే రంగులన్నిటిని ఎక్కించి, ఒక్క ఒత్తిడితో కాగితముపైకి దింపు పద్ధతిని రూపొందించినవారిలో ఒకరు తెలుగువారు. ఆయన శ్రీ కృష్ణారెడ్డి.

చిత్తూరు సమీపమున నందనూరు అను పల్లెయందు 1925లో జన్మించిన వీరి బాల్యవిద్య మదనపల్లెకు చేరువనున్న ఋషివ్యాలీ పాఠశాలలో సాగినది. ఆ సీమకు శాంతినికేతనముతో అంతకు పూర్వమే ఒక చుట్టరికము కలదు. 1919లో రవీంద్రుడు మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలలో విడిసి, 'జనగణమన'ను ఆంగ్లీకరించినది అక్కడనే. కృష్ణారెడ్డి 1941లో శాంతినికేతన కళాభవనమున చేరినారు. రవీంద్రుడు అస్తమించిన సంవత్సరమది. నందలాల్ బోస్ గురువు. 1946లో చదువు ముగించి, కొంతకాలము మద్రాసు కళాక్షేత్రమున చిత్రకళ బోధించి, పిదప లండనులోని స్లేడ్ కళాశాలకును, అటనుండి పారిస్ నగరమునకును పోయినారు. అచట జాడ్కిన్ వద్ద శిల్పము నేర్చినారు. హేటర్ నడుపుచున్న 'అతెలియే 17' ముద్రణ కర్మశాలలో స్థిరపడినారు.

శిల్పి గావున, రేకును కాగితమువలె గాక రాతివలె చూచినారు. దానిని మిట్టలుగా, పల్లములుగా, పలు అంతరువులుగా తొలిచినారు. గట్టి రోలరు మిట్టలనే తాకును. మెత్తని రోలరు పల్లములలోనికి దిగును. మొదట అవిసెనూనె ఎక్కువగా కలిపిన పలుచని సిరాను గట్టి రోలరుతో మిట్టలకు పూసి, తరువాత నూనె తక్కువైన చిక్కని సిరాను మెత్తని రోలరుతో దొర్లింతురు. పలుచని సిరా ఉన్నచోట చిక్కనిది అంటదు; ఖాళీగా నున్న పల్లమునే పట్టుకొనును. రంగులు కలగాపులగము కాకుండుటకు కారణమిదియే. ఇది ఒక్కరి సొత్తని చెప్పుట న్యాయము కాదు. హేటరును, మన దేశమువాడే అయిన కైకో మోతీయును ఈ కృషిలో పాలుపంచుకొన్నారు. అయినను, దీనిని పరాకాష్ఠకు చేర్చిన చేయి కృష్ణారెడ్డిది. పిదప ఆ కర్మశాలకు సహ సంచాలకులైనారు.

నీటి సుడి, అల మొదలగు ప్రకృతి చలనములు వీరికి ప్రియమైన వస్తువులు. 1968లో పారిస్ విద్యార్థులు వీథులకెక్కినప్పుడు, ఆ జనసమూహము 'ప్రదర్శనకారులు' అను చిత్రమైనది. 1980 దశకమున చేసిన 'మహా విదూషకుడు' మరింత విచిత్రము: ఒకే రేకు, సిరాల కూర్పు మారినకొలది భావము మారును.

1972లో పద్మశ్రీ లభించినది. తరువాత న్యూయార్క్ విశ్వవిద్యాలయమున ఆచార్యులై, ఆ నగరముననే 2018 ఆగస్టులో కన్నుమూసినారు. తెలుగు చిత్రకారులనగా దామెర్ల రామారావు, అడివి బాపిరాజుల దాకా వచ్చి ఆగు మనకు ఈ పేరు అంతగా పరిచితము కాకుండుట విచారకరము.

తాను సాధించిన విద్యను వీరు దాచుకొనలేదు. 1988లో ఆంగ్లమున గ్రంథముగా ప్రకటించినారు. చిత్రలేఖనపు ఉపాధ్యాయులు దానిలోని మూలసూత్రమును తరగతిలోనే చూపవచ్చును. ఒక గాజు పలక, రెండు సిరాలు, కొంచెము అవిసెనూనె, రెండు రోలర్లు చాలును.